కొలత కుదిరితేనే మూత కుదిరేది

పికప్ ట్రక్ బెడ్‌కి గట్టి కవర్ బిగించడం శనివారం పొద్దున టిఫిన్ తిని మొదలుపెడితే మధ్యాహ్నం భోజనంలోపు ముగిసే పని. ఒక సాకెట్ రెంచ్, కొలత టేపు, నాలుగు పాత గుడ్డలు, రెండో చివర పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే చాలు. అయినా అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది దీన్ని షాపుకే అప్పజెబుతారు. గోడకి మేకు కొట్టాలన్నా వడ్రంగికి కబురు పెట్టే ఇళ్లలో పెరిగాం మరి. ఇంజినీరింగ్ పట్టా ఉంటుంది, పాన పట్టిన చెయ్యి ఉండదు. సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు గానీ మార్చుకోదగ్గ అలవాటే. మార్చుకోవడానికి ఇది మంచి మొదటి పని కూడా. కరెంటుతో సంబంధం లేదు, పైపు పగిలి ఇల్లు మునిగేది లేదు, చాలా రకాలకి బెడ్‌కి కన్నం వేయాల్సిన అవసరమే లేదు. వంకరగా కూర్చుంటే విప్పి మళ్లీ పెట్టుకోవచ్చు.

షాపు కూలి మిగలడం ఇందులో చిన్న లాభం. అసలు లాభం ఆ తర్వాత తెలుస్తుంది. ఇంకొకరు బిగించిన కవర్ వానాకాలంలో కారడం మొదలైతే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మనకి అంతు పట్టదు. మనమే బిగించుకుంటే ఏ రబ్బరు ఎక్కడ అతికిందో, ఏ బోల్టు కాస్త మొరాయించిందో చేతికి గుర్తుంటుంది. పాడైంది బాగుచేసుకునే ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

ఈ అధ్యాయంలో నేను పదే పదే చెప్పబోయేది ఒకటే. ఈ పనిలో బోల్టు బిగించడం చివరి పావు వంతు. మిగతా ముప్పావు ఎంపిక, కొలత, సర్దుబాటు. ఆ ముప్పావుని తొందరగా దాటేసినవాళ్లే తర్వాత కవర్‌ని తిడతారు.

ముందు మీ వాడకం

గత మూడు నెలల్లో బెడ్‌లో ఏమేమి మోశారో ఒక కాగితం మీద రాయండి. ట్రక్ కొనేటప్పుడు మోద్దామనుకున్నవి కాదు, నిజంగా మోసినవి. బియ్యం బస్తాలు, తోటకి మట్టి సంచులు, ఎయిర్‌పోర్టు నుంచి అమ్మానాన్నల సూట్‌కేసులు, వినాయక చవితికి హాలుకి చేరవేసిన మడత కుర్చీలు. ఇవన్నీ మూత కింద పట్టేవే. ఫ్రిజ్, సోఫా, నిలువెత్తు మొక్కలు ఎన్నిసార్లు ఎక్కించారు? ఆ సంఖ్యే మీకు ఏ రకం కావాలో చెబుతుంది.

గట్టి కవర్లలో బాగా అమ్ముడయ్యేది మడత రకం. అల్యూమినియంతోనో ఫైబర్‌గ్లాస్ కలిపిన ప్లాస్టిక్‌తోనో చేసిన మూడు నాలుగు పలకలు, మధ్యలో కీళ్లు. ధర చాలావరకు 800 నుంచి 1,300 డాలర్ల మధ్య ఉంటుంది. జారుడు రకంలో పలకలు పట్టాల మీద వెనక్కి జారి, క్యాబ్ దగ్గర ఉండే డబ్బాలోకి చుట్టుకుంటాయి. వాడడానికి ఇదే అన్నిటికంటే హాయి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి తాళం వేయొచ్చు. కానీ ధర 1,500 దాటి పైకి పోతుంది, పైగా ఆ డబ్బా బెడ్ ముందు భాగంలో కొంత చోటు తినేస్తుంది. పొట్టి బెడ్ ఉన్నవాళ్లకి ఆ నష్టం బాగా తెలుస్తుంది. మూడోది ఒకే పలక. ట్రక్ రంగే వేసిన ఫైబర్‌గ్లాస్ మూత, గ్యాస్ స్ట్రట్ల మీద పైకి లేస్తుంది. చూడ్డానికి దీన్ని మించింది లేదు. ఫ్రిజ్ మోయాల్సిన రోజున మాత్రం ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తి దించాలి, దించాక గరాజ్‌లో ఎక్కడ ఆనించాలో ఆలోచించాలి.

నన్నడిగితే ఇంటి అవసరాలకి మడత రకమే సరైనది. జారుడు రకం రోజూ బెడ్ తెరిచి మూసే పనివాళ్లకి గిట్టుబాటు అవుతుంది. ఒకే పలక ముచ్చటపడి కొనుక్కునేది, అవసరానికి కాదు.

అమ్మేవాళ్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. రెండు మాటల దగ్గర జాగ్రత్త. కవర్ వేస్తే పెట్రోలు ఆదా అంటారు. ఏదైనా ఆదా ఉంటే అది కవర్ ఖరీదు తిరిగి తెచ్చేంత కాదు, ఆ లెక్కతో కొనకండి. రెండోది, చుక్క నీరు దిగదు అనే హామీ. మామూలు వానకి సామాను తడవకుండా చూసుకోవచ్చు. టెయిల్‌గేట్ చుట్టూ సందులు ఉన్నంతకాలం ఏ మూతా బెడ్‌ని నీళ్ల ట్యాంకులాగా మూయలేదు. ల్యాప్‌టాప్ పెట్టుకునే చోటు కాదది.

టేపు తీయండి

అర్ధభాగం తప్పులు ఆర్డర్ పెట్టే దగ్గరే జరుగుతాయి. "నాది ఐదున్నర అడుగుల బెడ్" అని నోటి లెక్కతో కొనేస్తారు. ఫోర్డ్ ఎఫ్-150 పొట్టి బెడ్ పొడవు 67.1 అంగుళాలు. రామ్ 1500ది 67.4. షెవీ సిల్వరాడోది 69.9. ముగ్గురు యజమానులూ తమది ఐదున్నర అడుగులనే చెబుతారు. ఫోర్డ్‌కీ రామ్‌కీ తేడా అంగుళంలో మూడో వంతు కూడా లేదు, అయినా ఒకరి కవర్ ఇంకొకరికి పనికిరాదు. అంచు ఆకారం వేరు, మూలల వంపు వేరు.

బెడ్ లోపలికి ఎక్కి, క్యాబ్ వైపు గోడ లోపలి ముఖం నుంచి మూసిన టెయిల్‌గేట్ లోపలి ముఖం దాకా టేపు పట్టండి. టెయిల్‌గేట్ దించి కొలిస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు. వచ్చిన అంకెని కవర్ కంపెనీ పట్టికతో పోల్చండి.

మోడల్ సంవత్సరం ఒక్కటే చెబితే చాలదు. 2019లో రామ్ 1500 కొత్త రూపంలో వచ్చింది, అదే సమయంలో పాత రూపాన్ని "క్లాసిక్" పేరుతో అమ్ముతూనే ఉన్నారు. సిల్వరాడోలో కూడా అదే ఏడాది పాత బాడీ "ఎల్‌డి" పేరుతో షోరూములో ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఏ రూపమో తేలకపోతే విన్ నంబర్ చెప్పి డీలర్‌ని అడగండి.

బెడ్‌లో ఇంకేం ఉన్నాయో కూడా చూడండి. టొయోటా టకోమా, టండ్రాల్లో సామాను కట్టడానికి పక్కగోడల లోపల పట్టాలు ఉంటాయి. కొన్ని కవర్ల క్లాంపులు బెడ్ అంచుని వదిలి ఆ పట్టాలనే పట్టుకుంటాయి, కాబట్టి పట్టాలున్న ట్రక్‌కి ఒక కిట్, లేని ట్రక్‌కి ఇంకో కిట్. రామ్‌లో పక్కగోడల్లో సామాను పెట్టెలు ఉంటే దానికి ప్రత్యేకమైన కవర్ కావాలి. బెడ్ లోపల పరిచే ప్లాస్టిక్ లైనర్ అంచు మీదికి ఎక్కి ఉంటే క్లాంప్ కూర్చునే చోట దాన్ని గాడిలా కోయాలి. స్ప్రే చేసిన లైనర్‌తో ఆ బాధ లేదు.

బెడ్ దేనితో చేశారన్నది కూడా ముఖ్యమే. 2015 నుంచి ఎఫ్-150 బాడీ, బెడ్ అల్యూమినియం. 2005 నుంచి టకోమా బెడ్ లోపలి భాగం లోహం కాదు, కాంపోజిట్. ఉక్కు అంచుని పట్టినట్టు వీటిని పట్టకూడదు. అల్యూమినియం వంగుతుంది, కాంపోజిట్ చిట్లుతుంది.

బిగించే రోజు

పెట్టె విప్పగానే మొదటి పని సామాను లెక్క చూసుకోవడం. కాగితం మీద ఉన్న క్లాంపులు, బోల్టులు, రబ్బరు పట్టీలు, డ్రైన్ గొట్టాలు అన్నీ వచ్చాయా, పలకలకి సొట్టలున్నాయా అని చూడండి. సొట్ట కనబడితే అక్కడే ఫోటో తీయండి. ఒకసారి బిగించాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు. పెట్టె అట్టలు పారేయకండి, వాటితో తర్వాత పనుంది.

బెడ్ అంచుల్ని సబ్బునీళ్లతో కడిగి, ఆరాక రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. మైనం పట్టిన అంచుకి ఏ జిగురూ అతకదు. చలికాలం పొద్దున ఈ పని పెట్టుకోవద్దు, జిగురుకి కాస్త వెచ్చదనం కావాలి.

ముందుగా అతికించేది క్యాబ్ వైపు గోడ మీద కూర్చునే రబ్బరు పట్టీ. చూడ్డానికి చిన్న పని, రేపు కారే కవర్లలో సగం ఇక్కడే పుడతాయి. వెనక కాగితం ఊడదీస్తూ అతికించేటప్పుడు చెయ్యి తెలియకుండానే పట్టీని లాగుతుంది. రబ్బరు సాగుతుంది. ఆ రోజు రెండు మూలలకీ సరిగ్గా అందినట్టే ఉంటుంది. నాలుగు ఎండలు తగిలాక రబ్బరు తన పొడవుకి తాను ముడుచుకుంటుంది, మూలల దగ్గర వేలెడంత సందు తేలుతుంది. అందుకని పట్టీని లాగకండి. కాస్త లోపలికి నెడుతున్నట్టు అతికిస్తూ పోయి, చివర్లో ఎక్కువైన ముక్కనే కత్తిరించండి. అతికించాక బొటనవేలితో ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నొక్కుకుంటూ రండి.

ఇక పక్క పట్టాలు. రెండిటినీ బెడ్ అంచుల మీద పెట్టి, క్యాబ్ వైపు ముందుకి ఆనించి, క్లాంపుల్ని వదులుగా తగిలించండి. క్లాంప్ పై దవడ పట్టా గాడిలోకి, కింది దవడ బెడ్ అంచు అడుగుకి పోవాలి. వేళ్లతో తిప్పగలిగినంత మేరకే బోల్టు తిప్పండి, రెంచ్ ముట్టుకోవద్దు. కుర్రాళ్లకి ఇక్కడే చెయ్యి దురద పెడుతుంది.

ఇప్పుడు టేపు మళ్లీ తీయాలి. రెండు పట్టాల మధ్య దూరం ముందు, మధ్యలో, వెనక కొలవండి. మూడూ ఒకటే రావాలి. తర్వాత ఐమూలగా కొలవండి: ఎడమ ముందు మూల నుంచి కుడి వెనక మూలకి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి. రెండు కొలతలూ సమానమైతే పట్టాలు మూలమట్టానికి ఉన్నట్టు. తేడా వస్తే ఒక పట్టాని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరపండి. వడ్రంగి తలుపు చట్రం నిలబెట్టేటప్పుడు చేసేది ఇదే. వంకర పట్టాల మీద ఎంత ఖరీదైన కవరైనా ఒక మూల లేచే కూర్చుంటుంది.

ఇద్దరూ చెరో పక్కన నిలబడి కవర్‌ని ఎత్తి పట్టాల మీద పెట్టి, నెమ్మదిగా విప్పండి. రెండు పక్కలా అంచు సమంగా ఉందా అని చూడండి. ఒకరు టెయిల్‌గేట్‌ని మెల్లగా మూస్తుంటే ఇంకొకరు ఆ అంచు దగ్గర కళ్లు పెట్టాలి. ఎక్కడైనా రాసుకుంటున్నా, రబ్బరు ముడుచుకుంటున్నా ఆపేసి, తెరిచి, సర్దండి. గట్టిగా వేస్తే అదే పడుతుందిలే అనుకున్నవాళ్ల టెయిల్‌గేట్ల మీద గీతలు చూశాను.

అన్నీ కుదిరాకే రెంచ్. కారు చక్రం నట్లలాగే ఒక పక్కన ఒకటి, ఎదురు పక్కన ఒకటి, కొద్దికొద్దిగా బిగిస్తూ రావాలి. కంపెనీ కాగితంలో టార్క్ అంకె ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే క్లాంప్‌ని చేత్తో ఊపినా కదలని దగ్గర ఆపేయండి. ఊళ్లో లారీ మీద టార్పాలిన్‌కి తాడు లాగినట్టు లాగితే బెడ్ అంచు వంగుతుంది, లేదా బోల్టు మర పోతుంది. బ్యాటరీతో తిరిగే ఇంపాక్ట్ రెంచ్ ఇక్కడ వద్దే వద్దు.

నీళ్లకి దారి

చాలా కవర్లలో పట్టాలకే గాడి ఉంటుంది. కవర్ అంచు దాటి వచ్చిన నీళ్లు ఆ గాడిలో పడి, ముందు మూలల్లో ఉన్న గొట్టాల ద్వారా బెడ్ కిందికి పోతాయి. అంటే రూపకర్తలే కొంత నీరు లోపలికి వస్తుందని ఒప్పుకుని దానికి దారి పెట్టారు. ఆ దారి మూసుకుపోకుండా చూసుకోవడం మన పని. గొట్టం ఎక్కడా పైకి వంపు తిరగకూడదు, మెలిక పడకూడదు. పొడవు ఎక్కువైతే కోసేయండి. బెడ్ ముందు భాగంలో రబ్బరు బిరడాలు పెట్టిన కన్నాలు ఉంటే వాటిలోంచే దింపండి. కొత్తగా కన్నం వేయక తప్పకపోతే కోసిన అంచుకి వెంటనే రంగు పూయండి. గొట్టం దింపాక గాడిలో ఒక గ్లాసు నీళ్లు పోసి కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూడండి.

దాచమన్న అట్టలు ఇప్పుడు తీయండి. బెడ్ అంతా పరిచి, కవర్ మూసి, తోట గొట్టంతో వానలాగా పైనుంచి పది నిమిషాలు నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ వద్దు, ఏ వానా అంత వేగంతో పక్కనుంచి రాదు. తెరిచి చూస్తే అట్ట మీద తడి మచ్చలు కారే చోటుని పటం గీసినట్టు చూపిస్తాయి. ముందు అంచు వెంట మచ్చలుంటే రబ్బరు పట్టీది, పక్కల ఉంటే గొట్టానిదో పట్టాదో, వెనక ఉంటే టెయిల్‌గేట్‌ది లోపం. టెయిల్‌గేట్ సందులకి విడిగా రబ్బరు పట్టీలు దొరుకుతాయి, చవకే, దుమ్ముని కూడా ఆపుతాయి. నీళ్లు కొట్టకుండానే పరీక్షించాలంటే రాత్రిపూట బెడ్‌లో టార్చి వెలిగించి పెట్టి, కవర్ మూసి, లైట్లన్నీ ఆర్పి ట్రక్ చుట్టూ తిరగండి. వెలుగు గీత కనిపించిన ప్రతిచోటా నీటికి దారి ఉన్నట్టే.

వారం పదిరోజులు నడిపాక క్లాంపులన్నీ మళ్లీ ఒకసారి రెంచ్‌తో చూసుకోవాలి. గతుకుల మీద బెడ్ కొద్దిగా మెలితిరుగుతూ ఉంటుంది, కొత్త క్లాంప్ కాస్త సర్దుకుంటుంది. తర్వాత ఏడాదికి రెండుసార్లు చాలు. రబ్బరుకి పెట్రోలియం జిడ్డు పూయకండి, ఉబ్బి చెడిపోతుంది. నీటితో కలిసే రబ్బరు సంరక్షక ద్రవం వాడండి. జారుడు రకం పట్టాలకి గ్రీజు అసలే వద్దు, దుమ్ము పట్టి ఇసుక కాగితం అవుతుంది.

మూత కింద పెట్టకూడనివి

ఇంతవరకు చెప్పినవాటిలో ఏది మరిచినా డబ్బే పోతుంది. ఇక్కడ అలా కాదు.

బార్బెక్యూ గ్యాస్ సిలిండర్‌ని మూసిన కవర్ కింద తేవద్దు. కొద్దిగా లీకైనా గ్యాస్ పోవడానికి దారి లేక బెడ్ అడుగునే నిలుస్తుంది. కవర్ తెరిచి, సిలిండర్‌ని నిలబెట్టి కట్టి తెచ్చుకోండి. పెట్రోలు డబ్బాని బెడ్‌లో ఉంచే నింపవద్దు. ప్లాస్టిక్ లైనర్ మీద ఉన్న డబ్బాలో పుట్టిన స్టాటిక్ కరెంటుకి నేలలోకి పోయే దారి ఉండదు, ఒక్క నిప్పురవ్వ చాలు. డబ్బాని దించి నేల మీద పెట్టి నింపాలి.

పిల్లల సంగతి. దాగుడుమూతలకి ఇంతకంటే మంచి చోటు వాళ్లకి కనిపించదు. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి తయారైన కార్ల డిక్కీలకి లోపలి నుంచి తెరిచే పిడి తప్పనిసరి చేశారు. తర్వాత కొని బిగించుకునే కవర్‌కి అది ఉంటుందని ధీమా పడొద్దు. టెక్సస్ ఎండలో నల్ల మూత కింద ఎంత వేడి పుడుతుందో పాట్‌లక్‌కి పెరుగన్నం ట్రే అందులో పెట్టి తీసుకెళ్లిన ఎవరినైనా అడగండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే కవర్‌కీ టెయిల్‌గేట్‌కీ ఎప్పుడూ తాళం వేసే ఉంచండి.

మడత కవర్‌ని క్యాబ్‌కి ఆనించి నిలబెట్టి నడిపేటప్పుడు ఆపే కడ్డీలు, పట్టీలు పెట్టకుండా కదలకండి. అలా నిలబెడితే వెనక అద్దం, మూడో బ్రేకు లైటు రెండూ మరుగున పడతాయి. కాబట్టి అది దగ్గర దూరాలకే. మంచు కురిసే ఊళ్లలో మడిచే ముందు మంచు తుడిచేయాలి. కొన్ని కవర్లు 400 పౌండ్ల దాకా మోస్తాయని చెబుతారు, ఆ అంకె బరువు అంతటా సమంగా పరచుకున్నప్పటిది. ఒక మనిషి మోకాలు ఆనించి ఎక్కితే ఆ లెక్క చెల్లదు.

కాగితాల పని

కవర్ బిగిస్తే ట్రక్ వారంటీ పోతుందని డీలర్ అంటే బెదరకండి. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి సామాను వాడినంత మాత్రాన వారంటీ రద్దు చేయకూడదు. ఆ సామాను వల్లే లోపం వచ్చిందని తేలితే ఆ లోపం వరకే వాళ్లు కాదనగలరు. బీమా కంపెనీకి మాత్రం కవర్ సంగతి చెప్పి, రసీదు దాచుకోండి. డాలస్ చుట్టుపక్కల వడగళ్లకి అల్యూమినియం పలకలకి సొట్టలు పడడం కొత్త కాదు.

ఇండియాలో ఉన్న పాఠకులకి ఒక మాట. ఇసుజు వి-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే. దానికీ, టొయోటా హైలక్స్‌కీ గట్టి మూతలు దొరుకుతున్నాయి, కొలత, బిగింపు పద్ధతి ఇదే. అయితే కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది. కంపెనీ ఆమోదించిన కవరే తీసుకుని, కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఇక తాళం. కవర్‌కి తాళం వేసి, సామాను భద్రమనుకుని దుకాణంలోకి వెళ్లిపోతారు. టెయిల్‌గేట్ తెరిస్తే కవర్ కింది సామానంతా చేతికి అందుతుంది. కొన్ని ట్రక్కుల్లో రిమోట్ నొక్కితే తలుపులకే తాళం పడుతుంది, టెయిల్‌గేట్‌కి పడదు. మీది ఏ రకమో ఈ రోజే రిమోట్ నొక్కి, వెనక్కి వెళ్లి పిడి లాగి చూడండి. తెరుచుకుంటే ముందు టెయిల్‌గేట్ తాళం కొనండి, కవర్ తర్వాత.